పెరియమేడులో కొన్న 0.6 మి.మీ. మైనం దారం

చెన్నైలో తోలు సామాన్లంటే పెరియమేడే. అక్కడ కొన్న పాలిస్టర్ మైనం దారం ఇది. కొట్టాయన ముక్క తోలు మీద కుట్టి చూసుకోమన్నారు, ఎంత మంచి మనిషో!

నాన్నగారి పర్సుకు బెజ్జాల కోసం 4 మి.మీ. ఎడంతో గుర్తులు కొట్టి, రెండు సూదులతో కుట్టాను. కుట్టు కాస్త ఏటవాలుగా, నిండుగా పడింది. పీచు అసలు లేవలేదు. ఇదే దారం 3 మి.మీ. ఎడానికి వాడితే కుట్లు ఒకదానికొకటి ఒరుసుకుని గింజల్లా ఉబ్బుతాయి. అక్కడ 0.45 మి.మీ. దారం చాలు. బెల్టుకైతే 5 మి.మీ. ఎడం, 0.8 దారం. పల్చటి తోలుకు మరీ దగ్గర కుట్లు వద్దు, బెజ్జాల వరస వెంటే చిరుగుతుంది.

మైనం మాత్రం కొంచెం ఎక్కువే, వేళ్లకు అంటుతుంది. దారం కుట్టాల్సిన వరస మొత్తం పొడవుకు నాలుగు రెట్లు కత్తిరించుకోండి, తోలు మందమైతే ఇంకాస్త. చివర్లో రెండు కుట్లు వెనక్కి వేసి, లైటర్‌తో కాల్చి అదిమేస్తే ఊడదు.