పార్కిన్సన్స్‌కు సైకిల్ క్లాసు: రెండున్నరేళ్ల తర్వాత నా మాట

నాకు పార్కిన్సన్స్ అని తేలి ఐదేళ్లు దాటింది. కుడిచేతి వణుకు ఒక ఎత్తు, గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోవడం ఇంకో ఎత్తు. తిరుపతి బైరాగిపట్టెడ దగ్గర ఒక హాల్లో మాలాంటివాళ్లకని నడిపే సైకిల్ క్లాసుకు రెండున్నరేళ్లుగా పోతున్నాను. వారానికి మూడు రోజులు, పొద్దున ఏడింటికి. కదలని సైకిళ్లు ఎనిమిది.

అంతకుముందు మా అబ్బాయి ఇంటికే ఒక సైకిల్ కొనిచ్చాడు. బాగా తొక్కుతున్నాననే అనుకునేవాణ్ణి. మీటరు చూస్తే నిమిషానికి 50 చుట్లు! ఈ జబ్బు గుణమే అది. కదలిక కుంచించుకుపోతుంది, ఆ సంగతి మనకు తెలీదు. క్లాసులో అట్లా కుదరదు. పక్కనున్న అక్క 82 మీద తొక్కుతుంటే నా కాలు కూడా అందుకుంటుంది. "సార్, 70కి దిగినారు, ఎక్కాల" అంటాడు కోచ్ పిల్లోడు. మాకు పెట్టిన లెక్క 80, 90 మధ్య. చివరి పది నిమిషాలకు మేం పెట్టుకున్న పేరు మోకాళ్ల పర్వతం. ఒకరు "గోవిందా" అంటే అందరం అందుకుంటాం. అలిపిరి మెట్లెక్కి నాలుగేళ్లయింది నాకు. ఆ కేక వింటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ వేగానికి వెనక ఒక కథ ఉంది. 2003లో జే ఆల్బర్ట్స్ అనే అమెరికా పరిశోధకుడు పార్కిన్సన్స్ ఉన్న ఒకామెను వెనక కూర్చోబెట్టుకుని, ఇద్దరూ తొక్కే సైకిల్ మీద అయోవా రాష్ట్రమంతా దాటాడు. ఆయన వేగానికి ఆమె కాళ్లు తిరగక తప్పలేదు. కొన్నాళ్లకే ఆమె చేతిరాత బాగుపడింది. తొక్కింది కాళ్లు, తేరుకుంది చెయ్యి! నాకు ఇది మా వంటింటి క్యాలెండర్‌లో కనిపిస్తుంది. పాల లెక్క నేనే రాస్తాను. మామూలుగా చీమల బారులా ఉండే నా అంకెలను, క్లాసుకు పోయొచ్చిన రోజు మా ఆవిడ కళ్లజోడు లేకుండానే చదువుతుంది. జ్వరమొచ్చి పదిహేను రోజులు మానితే మళ్లీ చీమలే.

జబ్బు పోదు. నా మాత్రలు ఒక్కటీ తగ్గలేదు. లెవోడోపా ఆరింటికి ఖాళీ కడుపున వేసుకుంటేనే ఏడింటికి కాళ్లు మాట వింటాయి. ఒకరోజు ఆలస్యమై, సగం క్లాసు ఊరికే కూర్చున్నాను.

లోపాలూ ఉన్నాయి. మే నెలలో కరెంటు పోతే ఆ హాల్లో ఉండలేం, ఇన్వర్టర్ పెట్టమని ఏడాదిగా అడుగుతున్నాం. తొక్కడం కంటే దిగడమే ప్రమాదం. మొదటి నెలలో గబుక్కున దిగి, కళ్లు తిరిగి పడ్డాను. అప్పుడు పట్టుకోడానికి పక్కన ఎవరూ లేరు. ఇప్పుడు ఒక మనిషిని పెట్టారు. అయినా రెండు నిమిషాలు మెల్లగా తొక్కి, కూర్చుని, ఆ తర్వాతే దిగండి. చేరేముందు గుండె పరీక్ష చేయించుకోండి. సీటు సన్నం, గట్టి. మెత్త ఇంటినుంచే తీసుకుపోండి.