మెంఫిస్ హతసాక్షుల స్మారక సాయంకాల ఆరాధన

సెప్టెంబరు 9 సాయంత్రం, అమెరికాలో మేముండే నగరంలోని ఒక ఎపిస్కోపల్ (ఆంగ్లికన్ శాఖకు చెందిన) ఆలయంలో, మెంఫిస్ హతసాక్షులుగా పేరొందిన క్రైస్తవ సన్యాసిని సిస్టర్ కాన్‌స్టెన్స్, ఆమె సహచరుల జ్ఞాపకార్థం జరిగిన ఈవెన్‌సాంగ్‌కు, అంటే పాటలతో సాగే సాయంకాల ఆరాధనకు, మా అమ్మను తీసుకుని వెళ్ళాను. మచిలీపట్నం సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చిలో పెరిగి, ముప్ఫయ్యేళ్ళు నర్సుగా పనిచేసిన అమ్మ ఈ ఆరాధన చూడాలని నా చిరకాల కోరిక.

1878లో టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో ఎల్లో ఫీవర్ ప్రబలి, వెళ్ళగలిగినవారంతా ఊరు విడిచి వెళ్ళిపోతుంటే, న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్ మఠంలో విశ్రాంతికని ఉన్న కాన్‌స్టెన్స్, థెక్లా ఇద్దరూ ఆ కబురు తెలియగానే అదే ఊరికి తిరుగు ప్రయాణమయ్యారు. ఆ జబ్బు దోమల వల్ల వస్తుందని నిర్ధారణ కావడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది. సెప్టెంబరు 9న కాన్‌స్టెన్స్ కన్నుమూశారు. థెక్లా, రూత్, ఫ్రాన్సెస్ అనే సిస్టర్లు, చార్లెస్ పార్సన్స్, లూయిస్ స్కైలర్ అనే చర్చి గురువులు కూడా రోగులకు సేవ చేస్తూ ఆ జబ్బుకే బలయ్యారు. వీరిని ఎవరూ చంపలేదు కదా, హతసాక్షులని ఎలా అంటారని అడిగేవారున్నారు. ఆ మాటలోని ‘సాక్షి’ వీరికి పూర్తిగా తగుతుందని నా నమ్మకం.

గాయక బృందం రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడి, బైబిలు కీర్తనలను ఒక్కో వచనం చొప్పున మార్చి మార్చి పాడింది. ప్రతి వచనం మధ్యలోనూ ఒక్క ఊపిరి పట్టేంత సేపు అందరూ కలిసి ఆగేవారు, ఆ విరామంలో పై దూలాల దగ్గర ఇంకా వినిపిస్తున్న చివరి స్వరం మెల్లగా అణగిపోయేది. యేసు తల్లి మరియ పాడిన స్తుతి, మరియ గీతం, మొదలవగానే ఇంగ్లీషు అంతగా రాని అమ్మ నా చెయ్యి పట్టుకుని తెలుగులో లోలోపలే చెప్పుకోసాగింది. పసివాడైన యేసును ఎత్తుకుని వృద్ధుడు సిమియోను పలికిన సిమియోను గీతాన్ని ఆర్గన్ లేకుండా పాడించడం సంగీత నిర్వాహకుల మంచి నిర్ణయం. పోవడానికి సిద్ధపడిన ముసలివాని మాటలు అవి, వాటికి వాద్యం తోడు అక్కరలేదు.

లోపాలు రెండు. ఆరుగురి పేర్లను ఒకే గుక్కలో చదివేశారు. పేరుకూ పేరుకూ మధ్య, కీర్తనలో ఆగినంతసేపైనా ఆగవలసింది. ఇక ప్రసంగంలో 5,000 మందికి పైగా చనిపోయారన్న మాట వచ్చింది గానీ, ఊళ్ళో మిగిలిపోయినవారిలో ఎక్కువమంది నల్లజాతివారేనని, రోగులకు పరిచర్య చేసినవారిలో వారూ ఎందరో ఉన్నారని ఎవరూ చెప్పలేదు. ఈ రెండో లోపం నన్ను నిజంగా బాధించింది, నిర్వాహకులకు ఉత్తరం రాస్తున్నాను.

ప్రవేశం ఉచితం, ఆరాధన యాభై నిమిషాలు. పాడేదంతా బృందమే గనుక ఈ క్రమం తెలియనివారు నిశ్చింతగా కూర్చుని వినవచ్చు. మెంఫిస్‌లోని సెయింట్ మేరీస్ కెథెడ్రల్ బలిపీఠపు మెట్లపై కాన్‌స్టెన్స్ చివరి మాటలు ‘అల్లెలూయా, ఓసన్నా’ చెక్కి ఉన్నాయని చెబితే, వచ్చే సెప్టెంబరుకు అక్కడికే వెళదామంది అమ్మ.