వీపీఎన్ మీద మూడేళ్ల టొరెంట్లు: కిల్ స్విచ్ మాట ఇక నమ్మను

వేగం ఎంత, సర్వర్లు ఎన్ని దేశాల్లో, ఏడాదికి ఎంత పడుతుంది అన్నవి ప్రతి వీపీఎన్ కంపెనీ పేజీలోనూ పెద్దక్షరాల్లో ఉంటాయి. వాటి జోలికి పోను. మూడేళ్లు రాత్రింబవళ్లు నడిపాక గట్టిగా చెప్పాలనిపిస్తున్నది ఒక్కటే: వీపీఎన్ (మన నెట్‌ను వేరే సర్వర్ మీదుగా పంపి ఇంటి అడ్రసు దాచే సేవ) యాప్‌లోని కిల్ స్విచ్‌ను, అంటే ఆ దారి తెగితే నెట్ మూసేసే మీటను, నమ్ముకుని టొరెంట్లు (వాడేవాళ్ల కంప్యూటర్ల మధ్యే ఫైళ్లు పంచుకునే పద్ధతి) నడపకండి. మీట ఆన్‌లోనే ఉంటుంది, యాప్ అంతా పచ్చగానే కనిపిస్తుంది, ఇంటి ఐపీ అడ్రసు మాత్రం బయటికి పోతుంది.

వాడకం ఎలాంటిదో ముందే చెప్తే మిగతాది ఎవరికి వారు అంచనా వేసుకోవచ్చు. హైదరాబాదులో ఇంటి ఫైబర్ లైను. మొదటి రెండేళ్లు విండోస్ ల్యాప్‌టాప్, తర్వాత లైనక్స్ వేసిన చిన్న కంప్యూటరు. క్లయింటు, అంటే టొరెంట్లు నడిపే ప్రోగ్రాం, మొదటి నుంచీ క్యూబిట్‌టొరెంటే. సీడ్ చేసేవి (ఇతరులకు అందిస్తూ ఉండేవి) డెబియన్, ఉబుంటు ఐఎస్‌ఓలు (లైనక్స్ ఇన్‌స్టాల్ డిస్కు ఫైళ్లు), లిబ్రెఆఫీస్ ఇన్‌స్టాలర్లు, అన్నిటికన్నా ఎక్కువగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకాల స్కాన్లు. రచయిత పోయి 60 ఏళ్లు దాటి కాపీరైట్ తీరిపోయినవే ఎంచుకుంటాను. డౌన్‌లోడ్ ఆప్షన్లలోనే టొరెంట్ ఫైలు ఉంటుంది, సీడ్ చేసేవాళ్లే తక్కువ. వీటిలో దాచాల్సిందేముంది అని అడగవచ్చు. ఒక టొరెంట్‌లో ఎవరెవరున్నారో ఆ టొరెంట్ తెరిచిన ప్రతివాళ్లకీ ఐపీలతో సహా కనిపిస్తుంది. మన ఇంట్లో ఏ పుస్తకం, ఏ వేళకు తెరిచారన్నది ఊరందరికీ తెలియాల్సిన పని లేదు. అది దాచుకోవడానికి కారణం చూపించాల్సిన అవసరమూ లేదు.

సంగతి బయటపడింది క్యూబిట్‌టొరెంట్ లాగ్‌లో. వ్యూ మెనూలో లాగ్ ఆన్ చేస్తే, క్లయింటు బయటివాళ్లకు ఏ ఐపీతో కనిపిస్తోందో అది మారినప్పుడల్లా ఒక లైను పడుతుంది. అన్నీ వీపీఎన్ సర్వర్ అడ్రసులే ఉండాల్సిన చోట ఒక్క లైను ఇంటి అడ్రసుతో ఉంది. టైము చూస్తే కరెంటు పోయి వచ్చిన వేళ.

జరిగిన వరస ఇది. కరెంటు పోగానే రూటరూ ఫైబర్ బాక్సూ ఆగిపోయాయి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. టన్నెల్ (వీపీఎన్ సర్వర్‌కు ఉన్న దారి) తెగిందని గమనించిన యాప్ నెట్ మూసేసింది. అక్కడిదాకా కిల్ స్విచ్ తన పని తాను చేసింది. తర్వాత మళ్లీ కనెక్ట్ అవడానికి కొన్నిసార్లు ప్రయత్నించి, అసలు వైఫైయే లేకపోయేసరికి విరమించుకుని 'డిస్‌కనెక్టెడ్' స్థితిలోకి వెళ్లిపోయింది. తప్పంతా ఇక్కడుంది. ఆ యాప్ లెక్కలో డిస్‌కనెక్టెడ్ అంటే వాడుతున్న మనిషి కావాలని ఆపేశాడని అర్థం. అందుకని నెట్‌ను ఆపి ఉంచిన ఫైర్‌వాల్ నియమాలు ఎత్తేసింది. 20 నిమిషాలకు కరెంటు వచ్చింది, రూటర్ లేచింది, వైఫై తగిలిన 4 సెకన్లకే లాగ్‌లో ఇంటి ఐపీ పడింది. ఆటో కనెక్ట్ మేలుకుని టన్నెల్ కట్టడానికి ఇంకో 19 సెకన్లు పట్టింది.

మొత్తం 23 సెకన్లే కదా అని వదిలేయడానికి లేదు. నెట్ రాగానే క్లయింటు చేసే మొదటి పని తన దగ్గరున్న టొరెంట్లన్నిటినీ ట్రాకర్లకూ (ఏ టొరెంట్ ఎవరి దగ్గరుందో జాబితా ఉంచే సర్వర్లు) డీహెచ్‌టీకీ (సర్వర్ లేకుండా క్లయింట్ల మధ్యే ఉండే అలాంటి జాబితా) ప్రకటించడం. ట్రాకర్లు సాధారణంగా అరగంటకోసారి మళ్లీ చెప్పమంటాయి, అప్పటిదాకా పాత ఎంట్రీని జాబితాలో ఉంచుతాయి. కొన్ని సెకన్లు జారితే అరగంట పైన బయట ఉన్నట్టే. ఈ లాగ్ మొత్తం కంపెనీ సపోర్టుకు పంపితే, కిల్ స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోమని జవాబొచ్చింది. ఆన్‌లో ఉన్న స్క్రీన్‌షాట్ ఆ మెయిల్‌లోనే ఉంది. ఇంత కోపం రావడానికి సగం కారణం ఆ జవాబే.

ఇది ఒక్క యాప్ జబ్బు కాదు. చాలా యాప్‌లలో ఇదే మీటకు రెండు రకాలుంటాయి. మామూలుది టన్నెల్ అనుకోకుండా తెగినప్పుడు మాత్రమే మూస్తుంది. శాశ్వతమైనది వీపీఎన్ లేనంతసేపూ మూసే ఉంచుతుంది, కానీ అది వేరే చోట, అడ్వాన్స్‌డ్ పేరు కింద ఆఫ్‌లో ఉంటుంది. యాప్ తనను తాను అప్‌డేట్ చేసుకునేటప్పుడు, ల్యాప్‌టాప్ నిద్ర లేచేటప్పుడు, కంప్యూటర్ బూటయ్యాక వీపీఎన్ సర్వీసు మొదలయ్యేలోపు, ఈ మూడు సందుల్లోనూ జారుతుంది. వైర్‌గార్డ్ (వీపీఎన్ టన్నెల్ కట్టే ఒక ప్రోటోకాల్) సొంత విండోస్ యాప్‌లో ఇంకో మెలిక. అలౌడ్ ఐపీల దగ్గర 0.0.0.0/0 (అంటే అన్ని అడ్రసులూ) అని ఉంటేనే అక్కడ కిల్ స్విచ్ టిక్కు పెట్టె కనిపిస్తుంది. ఇంట్లో ప్రింటర్ అందడం లేదని దాన్ని 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండు ముక్కలు చేసినవాళ్లకు ఆ టిక్కు మాయమవుతుంది, రక్షణా పోతుంది.

లాగ్ వెతుకుతుంటే రెండో రంధ్రమూ దొరికింది. లైనులో ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రసు) ఉంది, వీపీఎన్ టన్నెల్‌లో పాత రకం ఐపీవీ4 ఒక్కటే ఉంది. ఐపీవీ6 పీర్లతో (అవే టొరెంట్లున్న ఇతరుల కంప్యూటర్లతో) క్లయింటు నేరుగా ఇంటి లైను మీదుగానే మాట్లాడుతోంది. ఇది మొదటిదానికన్నా చెడ్డది. ఇక్కడి ఫైబర్ లైన్లలో చాలావాటికి ఐపీవీ4 సీజీనాట్ వెనక ఉంటుంది, అంటే ఒక్క అడ్రసును చాలా ఇళ్లు పంచుకుంటాయి. ఐపీవీ6లో ఆ పంపకం లేదు, అడ్రసు నేరుగా మన ఇంటిదే.

మందు వీపీఎన్ యాప్‌లో లేదు, టొరెంట్ క్లయింటులో ఉంది. క్యూబిట్‌టొరెంట్‌లో టూల్స్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్. అక్కడ 'నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్' (క్లయింటు నెట్‌కు వెళ్లే దారి) దగ్గర మామూలుగా 'ఎనీ ఇంటర్‌ఫేస్' అని ఉంటుంది. టన్నెల్ ఆన్‌లో ఉంచి, ఆ జాబితాలోంచి వీపీఎన్ ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకోవాలి. లైనక్స్‌లో వైర్‌గార్డ్ అయితే సాధారణంగా డబ్ల్యూజీ0, విండోస్‌లో టన్నెల్‌కు మీరు పెట్టిన పేరు. దాని కిందే బైండ్ చేయాల్సిన (క్లయింటును ముడివేయాల్సిన) ఐపీ అడుగుతుంది. టన్నెల్‌లో ఐపీవీ6 లేకపోతే 'ఆల్ ఐపీవీ4 అడ్రసెస్' పెట్టండి. కనెక్షన్ పేజీలో యూపీఎన్‌పీ, నాట్-పీఎంపీ (పోర్టును తనంతట తానే తెరిపించే పద్ధతులు) టిక్కు తీసేయండి, లేకపోతే ఇంటి రూటర్‌లో కూడా అదే పోర్టు (బయటివాళ్లు క్లయింటును చేరే ద్వారం నంబరు) తెరుచుకునే వీలుంది. క్లయింటును ఒకసారి మూసి తెరవండి. ఇప్పుడు పెద్ద ఐఎస్‌ఓ ఒకటి డౌన్‌లోడ్ పెట్టి, మధ్యలో వీపీఎన్‌ను చేత్తో ఆపండి. వేగం సున్నాకు పడి, అక్కడే ఉండాలి. కొంచెంసేపటికి మళ్లీ పుంజుకుంటే బైండింగ్ కుదరలేదన్నమాట. ఐపీలీక్ డాట్ నెట్‌లో టొరెంట్ పరీక్షకని ఒక మ్యాగ్నెట్ లింకు ఇస్తారు, దాన్ని క్లయింటులో వేస్తే ఏ అడ్రసుతో కనిపిస్తున్నామో పేజీలో చూపిస్తుంది. బ్రౌజర్‌లో ఐపీ చూసుకోవడం ఈ పరీక్ష కాదు. అది బ్రౌజర్ సంగతే చెప్తుంది.

ట్రాన్స్‌మిషన్ అనే ఇంకో క్లయింటు వాడేవాళ్లకు ఈ సౌకర్యం లేదు. అందులో ఐపీకి బైండ్ చేయడమే తప్ప ఇంటర్‌ఫేస్‌కు కుదరదు, ఆ ఐపీ మారితే మళ్లీ మార్చాలి. యాప్‌లో ప్రోటోకాల్ మార్చినప్పుడు క్యూబిట్‌టొరెంట్‌లోనూ చిక్కుంది. ఓపెన్‌వీపీఎన్ నుంచి వైర్‌గార్డ్‌కు మారితే ఇంటర్‌ఫేస్ వేరేది అవుతుంది, టొరెంట్లన్నీ కదలకుండా నిలబడిపోతాయి. కంగారుపడి 'ఎనీ ఇంటర్‌ఫేస్'కు మార్చకండి, కొత్త పేరు ఎంచుకోండి. నిలబడిపోవడం మనకు కావలసిన రకం వైఫల్యమే.

వైర్‌గార్డ్ ఫైలులో రెండు అంకెలు. పర్సిస్టెంట్ కీప్ఎలైవ్ (ఎన్ని సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పంపి దారి తెరిచి ఉంచాలో) 25 పెట్టండి, లేకపోతే సీడింగ్ ఖాళీగా ఉన్నప్పుడు సీజీనాట్ ఆ దారిని మర్చిపోతుంది. లైను పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే రకం) అయితే ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 1492, వైర్‌గార్డ్ మామూలు ఎంటీయూ 1420. సర్వర్‌కు ఐపీవీ4 మీద కలిస్తే అదనంగా 60 బైట్లు, 1480తో సరిపోతుంది. ఐపీవీ6 మీద కలిస్తే 80, మొత్తం 1500, పట్టదు. హ్యాండ్‌షేక్ (సర్వర్‌తో మొదటి పలకరింపు) అవుతుంది కానీ పేజీలు సగంలో ఆగుతాయి. 1412కు, ఇంకా అనుమానముంటే 1380కి తగ్గిస్తే పోతుంది.

మంచి కూడా చెప్పాలి, అది నేను ఊహించని వైపు నుంచి వచ్చింది. రూటర్‌లో వాన్ ఐపీ (బయటి వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే సీజీనాట్ అని గుర్తు. అలాంటి లైనులో రూటర్‌లో ఎంత పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చేదాన్ని మన కంప్యూటరుకు మళ్లించడం) చేసినా బయటివాళ్లు మనల్ని చేరలేరు. పోర్టు మూసి ఉన్న ఇద్దరు పీర్లు కలవడం కష్టం కాబట్టి, అరుదైన పుస్తకానికి సీడర్ మనమొక్కరమే అయితే కావలసినవాళ్లకు అందకుండానే పోతుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ ఇచ్చే వీపీఎన్ ఆ గోడను దాటించింది. క్యూబిట్‌టొరెంట్ కింద పట్టీలో పసుపు మంట బొమ్మ పోయి పచ్చ ప్లగ్గు వచ్చాక, నెలల తరబడి కదలని స్కాన్లు కూడా అప్‌లోడ్ కావడం మొదలైంది. ఆ ఒక్క సంతోషం కోసమే డబ్బు కట్టినా తప్పు లేదనిపించింది.

కాకపోతే ఆ సౌకర్యం నానాటికీ తగ్గుతోంది. ముల్వాడ్, ఐవీపీఎన్ అనే వీపీఎన్ కంపెనీలు రెండూ 2023లో దాన్ని ఆపేశాయి. ప్రోటాన్‌లో డబ్బు కట్టే ప్లాన్లకు ఉంది కానీ పోర్టు నంబరు నిలకడగా ఉండదు. లైనక్స్‌లో చేత్తో చేసేవాళ్లు నాట్-పీఎంపీ ద్వారా 60 సెకన్ల గడువుతో అడిగి, 45 సెకన్లకోసారి పొడిగిస్తూ ఉండాలి. ఆ స్క్రిప్టు ఆగితే నిమిషంలో పోర్టు పోతుంది, మళ్లీ వచ్చేది వేరే నంబరు కావచ్చు. వచ్చిన నంబరును క్లయింటులో లిజనింగ్ పోర్టుగా మార్చకపోతే పోర్టు తెరిచినా ఫలితం సున్నా. డాకర్ (ప్రోగ్రాంలను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) తెలిసినవాళ్లకు, అందులో వీపీఎన్ నడిపే గ్లూటన్ ఈ చాకిరీ తగ్గిస్తుంది. పైగా టన్నెల్ లేకపోతే క్లయింటుకు నెట్టే లేని ఏర్పాటు కాబట్టి కిల్ స్విచ్ గొడవా ఉండదు.

మొదటి ఏడాది అడిగిన ప్రతివాళ్లకూ 'లాగ్‌లు ఉంచరు' అన్న మాట పట్టుకుని నేను వాడే సర్వీసును పొగిడాను. ఇప్పుడు ఆ పొగడ్త కొంత వెనక్కి తీసుకుంటున్నాను. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లో వీపీఎన్ కంపెనీలు చందాదారుల వివరాలు 5 ఏళ్లు ఉంచాలని ఉంది. దాంతో ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్, ప్రోటాన్ ఆ ఏడాదే మన దేశంలోని సర్వర్లు తీసేశాయి. వాటిలో ఇండియా అని కనిపించేది సాధారణంగా వేరే దేశంలో ఉన్న యంత్రం, ఐపీ మాత్రం ఇక్కడిది. కంపెనీ లాగ్ ఉంచినా ఉంచకపోయినా కార్డుతో కట్టిన రసీదు బ్యాంకులో ఉంటుంది, బ్రౌజర్‌లో గూగుల్ లాగిన్ అలాగే ఉంటుంది. కాపీరైట్ ఉన్న సినిమా దించితే వీపీఎన్ వల్ల అది చట్టబద్ధం కాదు.

ఇప్పటికీ వాడుతున్నాను, రెండేళ్ల చందా మాత్రం కట్టను, నెలనెలా కడతాను. నా సీజీనాట్ లైనుకు, రోజంతా ఆన్‌లో ఉండే కంప్యూటరుకు పోర్టు ఇచ్చే వీపీఎన్ విలువైనదే. పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్లకు ఆ లాభం లేదు, గోప్యత ఒక్కటే మిగులుతుంది. ఫోన్లో వాడేవాళ్లకు నేను గట్టిగా సిఫారసు చేయలేను. ఆండ్రాయిడ్‌లో ఆల్వేస్ ఆన్, వీపీఎన్ లేకుండా కనెక్షన్లు ఆపడం అనే రెండు మీటలు పెట్టినా, నెట్ ఉందో లేదో చూసుకునే తనిఖీలు బయటినుంచే వెళ్తున్నాయని 2022లో ముల్వాడ్ బయటపెట్టింది. ఈ నెల నుంచి రూటర్‌నూ ఫైబర్ బాక్సునూ చిన్న 12 వోల్టుల యూపీఎస్ మీద పెట్టాను. బైండింగ్ ఉన్నా సరే, లాగ్‌లో ఐపీ లైన్లు వారానికోసారి చూస్తూనే ఉన్నాను.