జీమ్యాట్ అఫీషియల్ మాక్‌లు: నెలల తరబడి వాడాక

జీమ్యాట్ అంటే ఎంబీఏ ప్రవేశాలకు రాసే పరీక్ష. దాన్ని పెట్టే సంస్థే ఇచ్చే నమూనా పరీక్షలు ఈ మాక్‌లు, మొత్తం ఆరు. మాక్ రాయడానికి రెండుంబావు గంటలు చాలు. దాన్ని విప్పి చూసుకోవడానికి మాత్రం రెండు రోజులు పెట్టుకోవాలి. అక్కడ కక్కుర్తి పడితే ఆరు మాక్‌లూ అయిపోతాయి, స్కోరు ఉన్నచోటే ఉంటుంది.

ఆరింటిలో మొదటి రెండూ ఉచితం, మిగతావి కొనుక్కోవాలి. అసలు పరీక్ష తీరుకు వీటికన్నా దగ్గరగా వచ్చినవి నాకు దొరకలేదు. రీసెట్ చేసి మళ్లీ రాయొచ్చు గానీ, పాత ప్రశ్నలు కొన్ని తిరిగొస్తాయి. అలా పెరిగిన స్కోరును అస్సలు నమ్మొద్దు.

క్వాంట్‌లో, అంటే లెక్కల సెక్షన్‌లో, 45 నిమిషాలకు 21 ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ గడియారం చూస్తే కంగారే మిగులుతుంది. 7 అయ్యేసరికి 30 నిమిషాలు, 14 అయ్యేసరికి 15 నిమిషాలు చేతిలో ఉన్నాయా అని చూసుకుంటే సరిపోతుంది. మూడు నిమిషాలు దాటినా లెక్క తెగకపోతే ఏదో ఒక జవాబు పెట్టి, బుక్‌మార్క్ చేసి కదలాలి. సెక్షన్ చివర్లో మూడు జవాబులే మార్చుకోనిస్తారు కాబట్టి బుక్‌మార్కులు అరడజను పెట్టుకుని లాభం లేదు. చివరి ప్రశ్నలు ఖాళీగా వదిలితే స్కోరుకు గట్టి దెబ్బ.

ఎక్కువమంది జారేది డేటా ఇన్‌సైట్స్ అనే ఇంకో సెక్షన్‌లో వచ్చే డేటా సఫిషియెన్సీలో. ఇచ్చిన రెండు వాక్యాల్లో ఏది, లేదా రెండూ కలిపితే, జవాబుకు సరిపోతుందో చెప్పాల్సిన ప్రశ్నలివి. 'ఎక్స్ ఎంత?' అని అడిగి, మొదటి వాక్యంలో ఎక్స్ వర్గం 16 అని, రెండోదాంట్లో ఎక్స్ సున్నా కన్నా ఎక్కువని ఇస్తారు. రెండోది అప్పటికే కంట పడి ఉంటుంది కదా, మొదటిదొక్కటే చాలని గబుక్కున పెట్టేస్తారు. మైనస్ 4 కూడా కుదురుతుందని గుర్తే రాదు. ఇలాంటిదాన్ని తప్పుల నోట్‌బుక్‌లో 'అజాగ్రత్త' అని రాస్తే మళ్లీ అదే తప్పు జరుగుతుంది. 'రెండో వాక్యం మొదటిదాంట్లో కలిసిపోయింది' అని రాసుకోండి. తర్వాతి మాక్‌లో ఒక్కో వాక్యాన్ని విడిగా పరీక్షించాకే రెండూ కలపండి.

మన విశాఖ వేసవిలో ఇంకో చిక్కుంది. పరీక్షా కేంద్రంలో ఇచ్చేది మార్కర్‌తో రాసే ప్లాస్టిక్ నోట్‌ప్యాడ్. ఇంట్లో ఉక్కపోతలో అలాంటిదానిమీద సాధన చేస్తే చెమట చేతికి అంకెలు చెరిగిపోతాయి. అరచేతి కింద చిన్న గుడ్డముక్క పెట్టుకోండి. తప్పులు విప్పి చూసుకోవడానికి ద్వారకానగర్ పౌర గ్రంథాలయం బాగుంటుంది. మాక్ మాత్రం ఇంట్లోనే, ల్యాప్‌టాప్ నిండా చార్జింగ్‌తో, అసలు పరీక్ష స్లాట్ ఏ వేళకు పడితే ఆ వేళకే రాయండి.

కొన్నవాటిలో ఒకటి ముట్టుకోకుండా పరీక్షకు వారం ముందు వరకూ దాచండి.