లెక్కా, మనసా? బొబ్బిలి కోట దగ్గర నిలబడి చూస్తే

విదేశాంగ విధానం చదివేవాళ్ల మధ్య పాత తగువు ఒకటుంది. పాలకులు లాభనష్టాలు బేరీజు వేసుకునే నిర్ణయిస్తారని కొందరు. కాదు, భయం, పరువు, పాత పగ వాళ్ల చేత ఆ పని చేయిస్తాయని ఇంకొందరు. ఉండేది విజయనగరంలో కాబట్టి నేను బొబ్బిలి నుంచే మొదలుపెడతాను.

1757 జనవరి. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో దిగాడు, వెంట విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు. కోట వదిలేస్తే వేరేచోట ఇంతకంటే మంచి భూములిస్తామని బొబ్బిలి రంగారావుకు బేరం పెట్టారు. కాగితం మీద లాభమే. ఆయన ఒప్పుకోలేదు. 24న కోట నేలమట్టమైంది.

లెక్కల వర్గాన్ని అడిగితే, పరువుకీ ఒక విలువ ఉంటుంది, అదీ కలుపుకోండి అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అలా కలుపుకుంటూ పోతే ఏ పిచ్చి పనైనా లెక్కకు సరిపోతుంది!

మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1979లో చెప్పింది దీనికి బాగా అతుకుతుంది: వచ్చేదానికంటే పోయేదే మనిషికి బరువు. పోవడం ఖాయమనిపిస్తే పెద్ద జూదానికైనా దిగుతాడు. మా పెదనాన్న అంతే. మామిడితోటకు బదులు కాలవ కింద రెట్టింపు పొలం ఇస్తామంటే, "మా తాత బూమి, నానివ్వను" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

అయితే అన్నిటికీ మనసే అనడం కూడా బద్ధకమే. అంతా అయ్యాక ఏదో ఒక భావం అంటగట్టడం ఎవరికైనా సులువు. కోట పడిన మూడో రాత్రే విజయరామరాజును బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో పొడిచి చంపాడు. తర్వాత వచ్చిన ఆనందరాజు చేసింది పక్కా లెక్క. ప్లాసీలో ఇంగ్లీషువాళ్లు గెలిచారు, బుస్సీని ఫ్రెంచివాళ్ల పెద్ద సేనాని లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు. ఆనందరాజు బెంగాల్లోని ఇంగ్లీషు నాయకుడు క్లైవ్‌కు కబురంపాడు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను ఓడించాడు. సైన్యం ఖర్చు భరిస్తానన్న రాజు, గెలిచాక డబ్బు దగ్గర తెగ నసిగాడు!

నా ఓటు: పొత్తు ఎవరితో అన్నదానికి లెక్క మేలు, ఉన్నది ఊడిపోయేవాణ్ని అర్థం చేసుకోవడానికి మనసు మేలు. 1962లో క్యూబాలో సోవియట్ క్షిపణుల గొడవప్పుడు అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ రెండూ వాడాడు. బయటికి నౌకా దిగ్బంధం, లోపల్లోపల టర్కీలోని తమ క్షిపణులు తీసేస్తామన్న మాట. సోవియట్ నేత క్రుశ్చేవ్ వెనక్కి తగ్గడానికి దారి దొరికింది. రంగారావుకు బుస్సీ చూపించిన దారి మాత్రం ఒక్కటే, ఊరు ఖాళీ చేయడం.