రకరకాల రాస్ చేపలు ఒకే ట్యాంక్‌లో: అక్లిమేషన్ డబ్బా కొనొచ్చా?

బరంపురంలో ఉప్పునీటి ట్యాంక్ పెట్టినవాళ్లే తక్కువ. అందులో రంగురంగుల సముద్రపు చేపలైన రాస్ (wrasse) రకాల్ని కలిపి పెంచేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే కొత్త చేపని పాతవాటికి అలవాటు చేసే అక్లిమేషన్ డబ్బా గురించి అడిగేవాళ్లందరి కోసం ఒక్కచోట రాసేస్తున్నాను. కొన్నేళ్లుగా వాడుతున్నాను, ముందే తేల్చి చెప్పేస్తాను: డబ్బు దండగ కాదు. కానీ ఏ చేప ముందు, ఏ చేప వెనక అనేది చూసుకోకుండా డబ్బా ఒక్కటే కొంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

వస్తువు చాలా సాదా. చిల్లులున్న అక్రిలిక్ పెట్టె, అవతలికి కనిపించే రకం. ట్యాంక్ లోపల అంచుకి తగిలిస్తాం. కొత్త చేప నాలుగైదు రోజుల నుంచి వారం దాకా అందులోనే ఉంటుంది. పాత చేపలు వస్తాయి, రెక్కలు విప్పి బెదిరిస్తాయి, పెట్టెని మూతితో పొడుస్తాయి. కరవడానికి దారి లేదు కాబట్టి కొన్నాళ్లకి విసుగొచ్చి వాటి పని అవి చూసుకుంటాయి. మేత వేసేది కూడా పెట్టె పక్కనే వేస్తాను. కొత్తదాన్ని పట్టించుకోకుండా మేతకి ఎగబడుతున్నాయంటే వదలొచ్చు. ఇంకా పెట్టె చుట్టూ గస్తీ తిరుగుతుంటే తొందరపడొద్దు. వదిలేది రాత్రి లైట్లు ఆర్పాకే.

నాది నాలుగడుగుల ట్యాంక్, దాదాపు 450 లీటర్లు. అందులో నాలుగు రకాల రాస్‌లున్నాయి. ముందు ఫ్లాషర్ రాస్ వేశాను, ఎందుకంటే వీటిలో అదే మెత్తనిది. తర్వాత బ్లూసైడ్ ఫెయిరీ. ఆ తర్వాత ఎల్లో కోరిస్, చివరికి మెలనూరస్. ఈ వరసలో ఒక లెక్కుంది. ముందు వచ్చినది ట్యాంక్ తనదే అనుకుంటుంది, కాబట్టి ఆ హక్కు మెత్తనిదానికే దక్కాలి. ఇంకోటి, ఒంటి తీరూ రంగూ దగ్గరదగ్గరగా ఉన్నవి ఎక్కువ కొట్టుకుంటాయి. ఒకే రకంలో రెండు మగవి అసలు వద్దు. రాస్ చేపల్లో ఆడది పెరిగి మగదిగా మారడం మామూలే కాబట్టి చిన్న ఆడ చేపని తెచ్చినా కొన్నాళ్లకి దాని రంగులు మారడం కళ్లారా చూడొచ్చు. నా బ్లూసైడ్ అలాగే మారింది. మారుతున్న రోజుల్లో కాస్త దుడుకు పెరిగింది కానీ ఎవరి రెక్కా చిరగలేదు.

ఇప్పుడు సిక్స్‌లైన్ అనే ఇంకో రాస్ సంగతి. అందరూ అడిగేది దీని గురించే. పర్లాకిమిడిలో మా బామ్మర్ది, "చిన్నదే కదా బావా, పెద్దయినా పది సెంటీమీటర్లు దాటదు" అని దాన్నే అందరికన్నా ముందు వేశాడు. తర్వాత తెచ్చిన ఫెయిరీని నా దగ్గరి డబ్బాలోనే వారం పైగా పెట్టాడు. డబ్బాలో ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది. బయటికి వదిలిన మర్నాడే తోక చిరిగింది. సిక్స్‌లైన్ విసుగెత్తి పోయే రకం కాదు, రాళ్ల సందుల్లో కాపు కాస్తుంది. వలతో పట్టడమూ అయ్యే పని కాదు. చివరికి నీళ్ల బాటిల్ మెడ కోసి, తిరగేసి పెట్టి, లోపల రొయ్య ముక్క వేస్తే ఆశపడి దూరింది. గొడవ చేసే చేప మీద డబ్బాని తిప్పి వాడితేనే ఏమైనా ఫలితం: గొడవ చేసేదాన్ని లోపల పెట్టి, కొత్తదాన్ని బయట వదిలి, చోటు చూసుకునే టైమివ్వాలి. అది ఎల్లో కోరిస్ విషయంలో నాకు బాగా పనిచేసింది. సిక్స్‌లైన్ మీద నాకైతే నమ్మకం లేదు, కావాలంటే అన్నిటికన్నా ఆఖర్న వేసుకోండి.

డబ్బాతో వచ్చే కాగితంలో రాయని విషయం ఒకటుంది. ఎల్లో కోరిస్, మెలనూరస్ రెండూ రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి. ఖాళీ డబ్బాలో పెడితే చీకటి పడగానే కంగారెత్తి మూలలకి కొట్టుకుంటాయి. ఒక ప్లాస్టిక్ గిన్నెలో రెండంగుళాల సన్న ఇసుక పోసి లోపల పెడితే నెమ్మదిస్తాయి. ఫెయిరీకీ ఫ్లాషర్‌కీ ఇసుక అక్కర్లేదు, అవి రాళ్ల మధ్య ఒంటి చుట్టూ జిగురు తొడుగు అల్లుకుని పడుకునే రకం. వాటికి పీవీసీ పైపు ముక్క చాలు.

మన వైపు అన్నిటికన్నా పెద్ద టెన్షన్ కరెంటు. పంపు ఆగితే చిల్లుల గుండా నీళ్లు ఆడవు. ట్యాంక్‌లో చేపలు ఇంకా బాగానే ఉండగా డబ్బాలోది పైకొచ్చి ఆయాసపడుతుంది. వేసవిలో నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు ఇంకా తగ్గుతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు గొట్టాన్ని నేరుగా డబ్బాలోకే వదులుతాను. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన ఊళ్లు మనవి. ఆ పంపు లేకుండా డబ్బా వాడమని నేను ఎవరికీ చెప్పను.

రాస్‌లు ఎగురుతాయి. డబ్బాలోంచి కూడా ఎగురుతాయి కాబట్టి దానికీ మూతుండాలి. ట్యాంక్ మీద గాజు మూత వేస్తే మన ఉక్కకి నీళ్లు ఉడుకుతాయి. పావంగుళం కన్నాల నెట్‌తో ఫ్రేమ్ చేయించుకుని పైన చిన్న ఫ్యాన్ పెట్టుకున్నాను. నీళ్లు ఆవిరవుతూ చల్లబడతాయి. తగ్గిన నీటి బదులు ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఉప్పు ఆవిరవదు కదా.

గోపాల్‌పూర్ సముద్రం అంత దగ్గరుంటే ట్యాంక్ నీళ్లకి ప్యాకెట్ ఉప్పు కొంటావేంట్రా అని మా పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. వానాకాలం, ఆ తర్వాత కొన్నాళ్లూ ఏరుల నీళ్లు కలిసి ఒడ్డు దగ్గర ఉప్పు పలచబడుతుంది, బురద వేరే. నాకు సాంద్రత 1.025 దగ్గర నిలకడగా కావాలి. అసలే బెదిరి ఉన్న కొత్త చేపకి రోజుకో నీరు అంటగట్టలేను. రాళ్లు కూడా సిరామిక్‌వే. సహజ పగడపు రాయి జోలికి పోకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమవుతుంది.

ఇక డబ్బా లోపాలు. మొదట కొన్నది రబ్బరు కప్పులతో అంటించే రకం. నాచు పట్టగానే కప్పులు జారి పెట్టె ఒరిగిపోయేది. చిల్లుల అంచులు గరుకు, సాండ్‌పేపర్ రుద్దాల్సొచ్చింది. రెండోది ఇక్కడే నేమ్ బోర్డులు చేసే షాపులో అక్రిలిక్‌తో చేయించాను, అడుగు పొడవు, పైన వంకీలు. బయట అమ్మేదాని కన్నా చవగ్గా పడింది, ఇంకా గట్టిగానే ఉంది. వాళ్లు అతుకులకి క్లోరోఫామ్ వాడతారు కాబట్టి వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టి, ఒకటికి రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పారబోసి, అప్పుడే ట్యాంక్‌లో పెట్టండి. చిల్లులు 5 మిల్లీమీటర్లు దాటొద్దని షాపతనికి ముందే చెప్పాలి, లేకపోతే సన్నగా ఉండే ఫ్లాషర్ పిల్ల బయటికి జారుకుంటుంది. చేయిస్తే మూతకి గొళ్లెం కూడా పెట్టించుకోండి. నాది ఊరికే పైన పెట్టే మూత, దాని మీద ఇప్పటికీ రాయి బరువు పెడుతున్నాను.