పథ్యం మాన్పించి పుండు మాన్పిన క్లినిక్

హోటల్లో 30 ఏళ్లు పొయ్యి ముందు నిలబడి వంట చేసిన మా నాన్నగారికి ఎడమ చీలమండకు లోపలి వైపున 14 నెలలుగా మానని పుండు ఉండేది. పూత మందులతో, యాంటీబయాటిక్ మాత్రలతో విసిగిపోయి, గుంటూరులో పుండ్లకే ప్రత్యేకించిన ఒక చిన్న క్లినిక్‌కు 5 నెలలు తిరిగాము.

మొదటి రోజు వారు రక్త ప్రవాహాన్ని శబ్ద తరంగాలతో పసిగట్టే డాప్లర్ పరికరంతో చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి, ధమనుల్లో అడ్డంకి లేదని తేల్చుకున్నాకే గట్టి కట్టు మాట ఎత్తారు. సిరల్లోని కవాటాలు చెడి రక్తం కిందనే నిలిచిపోతే, ఆ ఒత్తిడికి తెల్ల రక్తకణాలు కణజాలంలోకి చొరబడతాయని, ఎర్ర కణాల నుంచి కారిన ఇనుము చర్మాన్ని నల్లబరచడంతో పాటు లోపలి మంటను (ఇన్‌ఫ్లమేషన్‌ను) ఎగదోస్తుందని డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. గాయమైన తొలి రోజుల్లో ఈ ఇన్‌ఫ్లమేషన్ అవసరమే గానీ, అది చల్లారకపోతే కణాలు వదిలే ఎంజైములు చర్మానికి పట్టునిచ్చేలా కొత్తగా అల్లుకుంటున్న కొల్లాజెన్ అనే మాంసకృత్తినే కరిగించేస్తాయట. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే, ఆ మంటను ఆర్పవలసిన కణాలే దానికి ఆజ్యం పోస్తాయట.

నాకు అన్నిటికన్నా నచ్చింది తిండి విషయంలో వారు చూపిన శ్రద్ధ. పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకంతో మా అమ్మ ఏడాదిగా నాన్నగారికి పప్పు, గుడ్డు మాన్పించి చారన్నంతోనే నెట్టుకొచ్చింది. పరీక్షలో అల్బుమిన్ అనే రక్తంలోని మాంసకృత్తి తగ్గింది, మూడు నెలల చక్కెర సగటు 9 శాతం దాటింది. అల్బుమిన్ తగ్గడానికి ఇన్‌ఫ్లమేషన్ కూడా కారణమేనని, రోజూ కారే రసితో మాంసకృత్తులు పోతూనే ఉంటాయని, అన్నం తగ్గించి పప్పు, గుడ్డు పెంచాలని అక్కడి నర్సు అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె ఎన్నిసార్లు అడ్డు చెప్పినా విసుక్కోకుండా నచ్చజెప్పారు.

చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడి కలిగించే నాలుగు పొరల కట్టును వారానికోసారి మార్చేవారు. మే నెల ఎండల్లో ఆ దురద భరించడం కష్టమైంది, పైగా దాని ఖరీదు ముందుగా చెప్పలేదు. చెడిన సిరకు లేజర్ చికిత్స ప్రస్తావన మూడో నెలలో గానీ రాలేదు. సిరను తొందరగా సరిచేస్తే పుండు త్వరగా మానుతుందని 2018లో వెలువడిన బ్రిటిష్ పరిశోధన చూపింది కనుక, ఆ జాప్యాన్ని నేను చిన్న లోపంగా చూడలేను.

నాలుగో నెల చివర పుండు మూసుకుంది. ఇప్పుడు నాన్నగారు మంచం దిగకముందే బిగుతు మేజోళ్లు తొడుక్కుంటున్నారు. వెళ్లదలచినవారికి ఒక మాట: క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు.